జూదశాలయు రాజశాసనమును

మా హత్నూర పాఠశాలలో నొకప్పుడు నా యొద్ద చదువుకొని, యిప్పుడు పటాన్‌చెరువు దిక్కున నొక కర్మాగారమునకు రాత్రి షిఫ్టు పనికి పోవుచున్న యువకుడొకడు, క్రికెట్టు పోటీలు జరుగుచున్న దినములలో నన్ను చూడవచ్చెను. కుశలప్రశ్నలైన పిమ్మట జేబులోని సెల్‌ఫోను తీసి యందొక ప్రకటనను చూపెను. వేయి రూపాయలు కట్టినవారికి మరి వేయి రూపాయలు బోనసుగా నిత్తుమనియు, ఏ జట్టు గెలుచునో చెప్పి ధనము సంపాదింపవచ్చుననియు నందు వ్రాసియుండెను. "సార్, దొంగ యాపుల జోలికి నేను పోను. మన రాష్ట్రంలో చట్టం ఒప్పుకొన్నది ఏదైనా ఉంటే చెప్పండి, దాంట్లోనే ఆడుత" అని యతడడిగెను.

ఇది దొంగ యడిగెడి ప్రశ్న కాదు. చట్టమన్న భయమును, చదివిన నాలుగక్షరముల వివేకమును గలవాడడిగెడి ప్రశ్న. సంగారెడ్డి మొదలుకొని పటాన్‌చెరువువరకు నెలజీతములమీద బ్రదుకు యువకులలో ననేకుల మనస్సులలో నీ ప్రశ్న యుండవచ్చును. దీనికి "లేదు" అని యొక్కమాటలో జవాబు చెప్పవచ్చును. కాని యా మాట వెనుక మూడువేల యేండ్ల కథ యున్నది. ఆ కథ తెలియనివానికి "లేదు" అనునది పోలీసువారి మాటగా తోచును. తెలిసినవానికి తన యింటి పెద్దల మాటగా తోచును. కావున దానిని చదువరులకు విన్నవింప నెంచితిని.

జూదము మనకు పరదేశమునుండి వచ్చినది కాదు. ఋగ్వేదము పదియవ మండలములోని 34వ సూక్తమున నొక జూదరి తన దుఃఖమును తానే చెప్పుకొనుచున్నాడు. నాటి పాచికలు విభీతకపు కాయలు. అనగా నేడు మన యిండ్లలో త్రిఫలచూర్ణమునకు వాడెడి తానికాయలే. వానిని నమ్ముకొన్నవాని భార్య దూరమైనది. అత్త వానిని ద్వేషించినది. తలిదండ్రులును సోదరులును వాడెవ్వడో తామెరుగమనిరి. అప్పులపాలై భయపడుచు వాడు రాత్రివేళ పరుల యిండ్లవైపు పోయెను. తుదకు పొలము దున్నుకొని, పశువులను చూచుకొని, యాలితో సుఖముగా నుండుమని వానికి హితోపదేశము జరిగినది. ఇందు గమనింపదగినదొకటి కలదు. ఆ సూక్తమున రాజు విధించిన శిక్ష యేదియు లేదు. వాడు పొందిన శిక్ష యంతయు నింటిలోనే జరిగినది.

రాజే జూదరియైనచో నేమగునో మహాభారతము చెప్పినది. నన్నయభట్టారకుడు రాజమహేంద్రవరమున తెనుగుచేసిన సభాపర్వమును మన స్త్రీబాలవృద్ధు లెల్లరు నెరుగుదురు. అయినను ద్రౌపదీ పరాభవమును తలచుకొను తొందరలో నొక చిన్న సంగతిని మనము విడిచిపెట్టుచున్నాము. ఆ జూదమున ధనము దుర్యోధనునిది. పాచికలు వేసినవాడు శకుని. ఒకనికై వేరొక డాడుట సరికాదని ధర్మరాజు మొదటనే యాక్షేపించెను, ఆక్షేపించియు నాడెను. ఆటవాడొకడు, పందెపువాడొకడు. నేటి క్రికెట్టు పందెముయొక్క స్వరూపమిదియే. బంతిని కొట్టెడి నేర్పు మైదానమున నున్న యాటగానిది. సొమ్ము మాత్రము హత్నూరలో మంచముమీద కూర్చున్నవానిది. ఈ భేదమును చదువరులు జ్ఞప్తియందుంచుకొందురు గాక; ముందు న్యాయస్థానముల కథలో దీనితో పని యున్నది.

ధర్మశాస్త్రములు జూదమును రెండు విధములుగా విభజించినవి. పాచికలవంటి ప్రాణములేని వస్తువులతో నాడునది ద్యూతము. కోళ్లు, పొట్టేళ్లు మొదలగు ప్రాణులను పోరించి పందెము కట్టునది సమాహ్వయము. ఈ రెండింటిని రాజ్యమునుండి తొలగింపవలెనని మనువు శాసించెను; వానిని పట్టపగటి దొంగతనముగా నెంచెను. కౌటిల్యుని దారి వేరు. జూదము నంతయు నొకేచోట నాడింపుమని యతడు ద్యూతాధ్యక్షుని కాజ్ఞాపించెను. మరియొకచోట నాడినవానికి పండ్రెండు పణముల దండన. గెలిచిన ధనములో నూటికైదు చొప్పున నధ్యక్షుడు తీసికొనవలెను. ఇట్లేల చేసెననగా, రహస్యముగా బ్రదుకు దొంగలును మోసగాండ్రును జూదశాలకు రాకమానరు. అచ్చట వారిని కనిపెట్టుట సులభము. రాజునకు రాబడియు, రాజభటులకు వార్తయు నొకేచోట దొరకెను.

యాజ్ఞవల్క్యుడును జూదమును రాజాధికారమునకు లోబరచి యొప్పుకొనెను. జూదశాల నడపువాడు సభికుడు. నూరు పణములును అంతకు మించియు గెలిచినవానివద్ద నూటికైదును, అంతకు తక్కువ గెలిచినవానివద్ద నూటికి పదియును సభికుడు తీసికొని, రాజునకు చెందవలసిన భాగ మీయవలెను. చిన్నవానిమీదనే రెట్టింపు భారము పడినదని గమనింపుడు. ఈ స్మృతికి మితాక్షర యను ప్రసిద్ధవ్యాఖ్యను విజ్ఞానేశ్వరుడు వ్రాసినది మనకు దూరమున గాదు. మా సంగారెడ్డికి పడమట నున్న కల్యాణనగరమున, చాళుక్యవిక్రమాదిత్యుని (1076–1126) కాలమున. పదుమూడవ శతాబ్దమున మూలఘటిక కేతన దానిని విజ్ఞానేశ్వరీయ మను పేరున తెలుగుపద్యములలోనికి తెచ్చెను. కావున రాజు జూదమును నిషేధింపవలెనా, పన్ను గొని యొప్పుకొనవలెనా యను వివాదము మన తెలుగువారికి క్రొత్తది కాదు.

శాస్త్రము లెట్లున్నను లోకము పందెములను విడువలేదు. పలనాటి వీరగాథలో కోడిపందె మోడిన పక్షమువా రేడేండ్లు నాడు విడిచి పోవలసివచ్చెను; ఆ పగ కారెంపూడి రణరంగమున గాని తీరలేదు. కాకతీయుల యోరుగంటిని వర్ణించిన క్రీడాభిరామమున కోళ్ల పోరును, పొట్టేళ్ల పోరును చూడవచ్చును. అయినను నాటి పందెములకు మూడు హద్దులుండెను. ఆడుటకొక చోటు కావలెను; అందుకొక దినమో పండుగయో కావలెను; చేతిలో రొక్కము కావలెను. రొక్క మైపోయినవాడు లేచి యింటికి పోవలసినదే.

ఆంగ్లేయుల కాలమున నీ చోటుమీదనే చట్టము కన్నుపడినది. ఇంగ్లండులో 1845వ సంవత్సరపు చట్టము పందెపు టొడంబడికలు న్యాయస్థానమున చెల్లవని నిర్ణయించెను. 1848లో నట్టి నియమమే హిందూదేశమునకు వచ్చెను. 1872వ సంవత్సరపు కాంట్రాక్టు చట్టము 30వ సెక్షనులో నది నేటికిని నిలిచియున్నది: పందెములో గెలిచిన సొమ్మును దావావేసి రాబట్టుకొనుటకు వీలులేదు. 1867వ సంవత్సరపు జూదముల చట్టము జూదపుటిల్లు నడపుటయు, అందుండి యాడుటయు నేరములని చెప్పి, కేవలము నేర్పుతో నాడు నాటలకు తన నిషేధము వర్తింపదనెను. మన నిజాము రాజ్యమున 1305 ఫసలీలో, అనగా సుమారు క్రీ.శ. 1895–96లో, హైదరాబాదు జూదముల చట్టము పుట్టెను. అందును ఇంటి నిషేధమును, నేర్పుగల యాటకు మినహాయింపును ఉండెను. కౌటిల్యుడు జూదమును నాలుగు గోడల నడుమకు తెచ్చి పన్ను గొనెను. ఈ చట్టము లా నాలుగు గోడలను నేరముగా నెంచినవి. రెండింటికిని గోడలే యాధారము.

ఆ మినహాయింపునుండియే పెద్దవివాద మొకటి పుట్టెను. 1963లో సికింద్రాబాదునందలి యొక వినోదక్లబ్బుపై పోలీసులు దాడిచేసి, డబ్బుపెట్టి రమ్మీ యాడుచున్నవారిని పట్టుకొనిరి. మేజిస్ట్రేటు శిక్షించెను, హైకోర్టు విడిచిపెట్టెను, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము సుప్రీముకోర్టునకు పోయెను. 1967 నవంబరులో నచ్చట తీర్పు వచ్చెను. రమ్మీలో పడిన ముక్కలను జ్ఞప్తియందుంచుకొనవలెను. ఏ ముక్క నుంచుకొని యేది పారవేయవలెనో నిర్ణయింపవలెను. కావున నది ప్రధానముగా నేర్పుగల యాటయని కోర్టు చెప్పెను. అయితే క్లబ్బు నడపువా రా యాటనుండి లాభము లాగుచున్నచో నది నేరము కావచ్చునని కూడ హెచ్చరించెను. లోకము మొదటిమాటను పట్టుకొనెను; రెండవమాటను మరచెను.

రాజ్యాంగమువలన పందెములపై నధికారము రాష్ట్రములకు చెందెను. 1974లో ఆంధ్రప్రదేశ్ జూదముల చట్టము వచ్చెను. రాష్ట్రవిభజన పిమ్మట నదియే తెలంగాణమునకు సంక్రమించెను. మట్కా, సట్టా, పందెములు అన్నియు దానిలో నిషిద్ధములు. ఒక్క గుఱ్ఱపుపందెమునకు మాత్రము చోటిచ్చిరి. అదియును పరుగు జరిగెడి దినముననే, లైసెన్సు గల మైదానములో నందులకై యేర్పరచిన యావరణముననే. నిజాము కాలమునుండి వచ్చిన మలకుపేట మైదానము మన కెల్లరకు తెలిసినదే. మరల చోటు, దినము, గోడ. 1996లో సుప్రీముకోర్టు మద్రాసు గుఱ్ఱపుపందెముల వివాదములో, గుఱ్ఱముయొక్క జాతిని, బలమును, రౌతుయొక్క సామర్థ్యమును లెక్కించుటలో నేర్పున్నదని తీర్పు చెప్పెను. నేర్పను మాట యాడువానినుండి మెల్లగా పందెము కట్టువాని యొద్దకు జరిగెను.

ఇంతలో సెల్‌ఫోను వచ్చి గోడలను పడగొట్టెను. ఆటగాండ్ర పేర్లతో కల్పితజట్టును కూర్చి డబ్బు పెట్టెడి యాట నేర్పుగలదేయని 2017లో పంజాబు హర్యానా హైకోర్టు నిర్ణయించెను. అదే సంవత్సరమున తెలంగాణ ప్రభుత్వము అందుకు విరుద్ధమైన దారి త్రొక్కెను. మొదట నార్డినెన్సులు, పిమ్మట సవరణచట్టము తెచ్చి, సొమ్ముపెట్టి యాడునాటలో నేర్పను మినహాయింపును తొలగించి, జూదపుటిల్లన్న మాటలో నంతర్జాలమును కూడ చేర్చెను. 2020లో ఆంధ్రప్రదేశ్ అట్లే చేసెను. సిక్కిం రాష్ట్రము మాత్రము 2008లోనే యంతర్జాలపు టాటలకు లైసెన్సుల చట్టము చేసికొనియుండెను. ఒక రాష్ట్రమున లైసెన్సు, ఒక రాష్ట్రమున చెరసాల. ఈ యస్తవ్యస్తతవలననే మా యువకునివంటివారికి "ఏదో యొకటి చట్టసమ్మతమై యుండకపోదు" అను భ్రమ కలిగినది.

కేంద్రప్రభుత్వమును ఊగిసలాడెను. 2023 అక్టోబరు 1 నుండి డబ్బుపెట్టి యాడు నంతర్జాలపు టాటలలో జమచేసిన మొత్తముపైనే నూటికి 28 చొప్పున జి.ఎస్.టి. విధించెను, ఇది కౌటిల్యుని మార్గము. రెండేండ్లు తిరుగకమున్నే 2025 ఆగస్టులో పార్లమెంటు క్రొత్తచట్టము చేసెను. ఆగస్టు 22న రాష్ట్రపతి యామోదము లభించెను. ఇది మనువు మార్గము. నేర్పుగలదైనను, అదృష్టమువలనిదైనను, సొమ్ముపెట్టి గెలుచుకొనెడి యంతర్జాలపు టాట యేదియు పనికిరాదని యా చట్టము చెప్పినది. నడపినవారికి మూడేండ్లవరకు చెరసాలయు కోటి రూపాయలవరకు జరిమానాయు, ప్రకటించినవారికి రెండేండ్లవరకు చెరసాలయు ఏబదిలక్షలవరకు జరిమానాయు నందు విధింపబడినవి. ఇట్టి సొమ్మును చేరవేయుట బ్యాంకులకును నిషిద్ధము. ఆడినవానికి మాత్ర మా కేంద్రచట్టమున శిక్ష లేదు. మన రాష్ట్రచట్టమున గలదు.

కావున మా యువకుని ప్రశ్నకు జవాబిది: మలకుపేట ఆవరణములో పరుగు దినమున కట్టు పందెము తప్ప, తెలంగాణములో క్రికెట్టుమీద గాని మరి యే క్రీడమీద గాని యంతర్జాలమున పందెము కట్టుటకు చట్టసమ్మతమైన దారి లేదు. పరదేశములో లైసెన్సున్నదని చెప్పుకొనువారి మాట యిచ్చట చెల్లదు. వారు గెలిచిన సొమ్మీయనిచో నే న్యాయస్థానమును నీ దావాను వినదు. యాజ్ఞవల్క్యుని కాలమున సభికుడు గెలిచినవానికి సొమ్మిప్పింపవలెను, వాడిప్పింపనిచో రాజిప్పింపవలెను. నేటి సభికునికి ముఖము లేదు, ఊరు లేదు, పైన రాజు లేడు.

బోనసు సంగతి మిగిలినది. దానిని పలకమీద లెక్కగా వేసి చూపితిని. రెండు జట్లును సమబలము గలవనుకొందము. నూరు రూపాయలు కట్టి గెలిచినవానికి న్యాయముగా రెండువందలు రావలెను. పందెము నడపువా డిచ్చునది నూటతొంబది. ఒకడీ జట్టుపై నూరు, మరియొకడా జట్టుపై నూరు కట్టిరి. వచ్చినది రెండువందలు, పోయినది నూటతొంబది. ఎవరు గెలిచినను పదిరూపాయలు వానివే. గెలిచిన నూటిలో పది. యాజ్ఞవల్క్యుడు చిన్నవానిమీద వేసిన భారమిదియే! కట్టిన మొత్తముమీద చూచిన నూటికైదు. ఇక బోనసు. నీవు కట్టినది వేయి, వాడు చేర్చినది వేయి. కాని యా రెండువేలను పదిమార్లు త్రిప్పి, అనగా నిరువదివేల రూపాయల పందెములు కట్టిన పిమ్మటగాని సొమ్ము వెనుకకు తీసికొనరాదను నిబంధన క్రింద చిన్నయక్షరములతో నుండును. ఇరువదివేలకు నూటికైదు చొప్పున నెంత? వేయి రూపాయలు. వాడిచ్చిన వేయి వానికే చేరినది. ఆలోపల నిరువది పందెములు కట్టు నలవాటు మాత్రము నీకు మిగిలినది. ఇది సగటు లెక్క. నడుమనే యంతయు పోగొట్టుకొని, పోయినదానికై మరల కట్టువారే పెక్కుమంది.

నిషేధము వ్యర్థమనియు, లైసెన్సు లిచ్చి యదుపుచేయుట మేలనియు వాదించువారు కలరు. వారందరు దురుద్దేశము గలవారు కారు. బ్రిటనులో 1960వ సంవత్సరపు చట్టమువలన వీధిలో పందెపుదుకాణములు వెలసెను. అమెరికాలో 2018లో సుప్రీముకోర్టు క్రీడాపందెములపై నున్న కేంద్రనిషేధమును కొట్టివేసెను. పిమ్మట ననేకరాష్ట్రములు తలుపులు తెరచెను. మనదేశముననే లోధా సంఘము 2016లో, క్రికెట్టు పందెములను కట్టుదిట్టములతో చట్టసమ్మతము చేయవచ్చునని సూచించెను. 2018లో న్యాయసంఘము నిషేధమే యుక్తమనియు, అది సాధ్యపడనిచో గట్టి నియమములతో నడపవలెననియు నివేదించెను. మూసివేసిన వ్యాపారము చాటుకు పోవునన్నది నిజమే. చాటున కూర్చున్న సభికుడు మరింత క్రూరుడన్నదియు నిజమే. కాని పన్నుకై తలుపు తెరచిన రాజునకు జూదరులు పెరిగినకొలది రాబడి పెరుగును. రాబడి పెరిగినకొలది మాన్పింపవలెనను బుద్ధి తరుగును. నూటికైదు తీసికొనుచున్నవాడు "ఆడవద్దు" అని గట్టిగా చెప్పగలడా? నిషేధమున లోపములున్నను నేను దాని పక్షమున నుండుటకు కారణమిది.

అయినను చట్టముమీదనే భారమంతయు వేయుట మన తప్పు. చట్టము మూడువేల యేండ్లుగా నెరిగినది జూదపుటింటిని. గోడ యున్నచోట కాపలా పెట్టగలదు. తలుపున్నచోట తాళము వేయగలదు. నేడు జూదపుటిల్లు రాత్రి షిఫ్టు బస్సులో జేబులో నుండును. తల్లి ప్రక్కగదిలో నిద్రించుచుండగా దుప్పటిలో వెలుగుచుండును. చోటు పోయినది, దినము పోయినది. రొక్కము చాలని గడియలో నప్పిచ్చెడి యాపొకటి ప్రక్కనే సిద్ధముగా నుండుటచే మూడవహద్దును పోయినది. పాతచట్టములు పెట్టిన కావలివాడు ఈ గదిలోనికి రాలేడు. రాగలవారు ఇంటివారే.

లెక్క ముగిసిన పిమ్మట మా యువకుడు చాలసేపు మాటాడలేదు. తుదకు తలవంచుకొని, ఒక యాపులో తానిదివరకే కట్టితిననియు, చెల్లెలి పెండ్లికై వేసిన చిట్టీ సొమ్ములో నలుబదివేలు పోయినవనియు, ఇంటిలో నెవరికిని తెలియదనియు చెప్పెను. చట్టసమ్మతమైనదానికై యతడు వెదకుచున్నది క్రొత్తగా ఆడుటకు కాదు. పోయినదానిని దోషములేకుండ తిరిగి తెచ్చుకొనుటకు. నే నంతవరకు చెప్పిన వేదశాస్త్రములన్నియు నా క్షణమున నాకు చిన్నవిగా తోచినవి. "ఈ రాత్రి షిఫ్టుకు పోకముందే మీ అమ్మకు చెప్పు. కావలెనన్న నేనును వత్తును" అంటిని. "కొడుతది సార్" అనెను. "కొట్టనిమ్ము. అప్పులవాడు కొట్టకముందు ఆమె కొట్టుట మేలు" అంటిని.

ఇద్దరమును నడచిపోతిమి. ఆమె కొట్టలేదు; చాలసేపు గోడకానుకొని కూర్చుండెను. పిమ్మట చిట్టీ పుస్తకము తెమ్మని, మిగిలిన వాయిదాలను వ్రేళ్లమీద లెక్కించి, వాని జీతపు కార్డును తన కొంగున ముడివేసికొనెను. పోయిన సొమ్ము తిరిగి రాలేదు. అతడు మానెనా యని చదువరులడుగుదురేమో. ఇప్పటికి మానెననియే యామె చెప్పుచున్నది. ప్రతి నెల జీతము పడిన నాటి రాత్రి ఆమె మేలుకొనియే యుండునట. ఋగ్వేదములోని జూదరిని వెలివేసినది యిల్లే; కాని యతనికి చివర వినబడిన హితవును ఇంటికి మరలి పొమ్మనియే గదా.

ఇట్టి మాటలు మన యిండ్లలో నింకను సిగ్గుచేటుగా దాచబడుచున్నవి. కొడుకు త్రాగివచ్చిన వాసన తెలియును. పందెము కట్టివచ్చిన వాసన తెలియదు. కావున నడుగవలెను. జీతమెంత, చేరినదెంత, మిగిలినదెంత యని నెలకొకసారి దీపముక్రింద కూర్చుండి, కోపము లేకుండ, తండ్రియు తల్లియు కొడుకును కోడలును లెక్క చూచుకొనుట యవమానము కాదు. రాజశాసనము తన పని తాను చేయును గాక. గోడలులేని జూదశాలకు గోడ కట్టగలది యీ నెలవారీ లెక్కయే.